పోయిందా, ముట్టిందా?

నిమ్మాకును వేళ్ళ మధ్య నలిపి మరుగుతున్న నీళ్ళలో వేస్తే వచ్చే వాసన కాయ వాసనలా ఉండదు. కొంచెం పచ్చిగా, కొంచెం ఘాటుగా, అప్పుడే వాన వెలిసిన పెరడులా ఉంటుంది. ఈ రోజు ఉదయం న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ శివారు టకానినిలో, మా ఇంటి వంటగదిలో ఆ వాసన లేచేసరికి నా ఎదురుగా బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. బోటనీ డౌన్స్‌లో నేను పనిచేసే ఆఫీసు కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారుతోంది. దాని నుంచి బయటికి వెళ్ళే మెయిళ్ళ సెట్టింగులు పెట్టడం నా పని. సర్వర్ పేరు రాశాను, పోర్టు నంబరు వేశాను, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాను. అన్నిటికంటే కింద ఒక చిన్న గడి: పరీక్ష మెయిల్ ఎవరికి పంపాలి? సాఫ్ట్‌వేర్ మర్యాదగా నా అడ్రసే అందులో ముందుగా నింపి పెట్టింది. నేను దాన్ని చెరిపేశాను. చెరిపేస్తూ నాలో నేను నవ్వుకున్నాను. మెయిల్ సర్వర్ల గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లో చదివిందే. ఈ ఒక్క అలవాటు మాత్రం రుక్మిణి ఆంటీ దగ్గర వచ్చింది.

రుక్మిణి ఆంటీ ఫిజీలోని లంబాసాలో పుట్టిన తెలుగావిడ. ఆమె ముత్తాత చెరకు తోటల్లో పనికి ఓడెక్కి ఆ దీవికి వెళ్ళాడట. ఏ ఊరి నుంచి వెళ్ళాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుగు మాత్రం ఆయనతో పాటు దిగి, ఆంటీ ‘ఆజీ’ అని పిలిచే నాయనమ్మ నోట్లో నిలిచి, అక్కడి నుంచి ఈమె నోట్లోకి వచ్చింది. ఇండియా ఎప్పుడూ చూడని తెలుగు అది. ‘నీవు’ అనేది, ‘ఏమి’ అనేది, మధ్యలో హిందీ మాటలు దొర్లేవి, సంతోషమైతే ఫిజీ వాళ్ళు కృతజ్ఞతగా అనే ‘వినాకా’ వచ్చేది. పొట్టి మనిషి. మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు, ఎండాకాలంలో కూడా వదలని ఊదారంగు కార్డిగన్. ఆమె గొంతు మాత్రం మనిషికి మించినది. వయసులో ఉండగా లంబాసాలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసింది. సముద్రం అవతలికి వినిపించాలని పెంచుకున్న గొంతును ఆక్లండ్‌కి వచ్చాక కూడా తగ్గించుకోలేదు.

నేను ఆమెను మొదట చూసింది ఉద్యోగం కోసం. టకానిని దగ్గర ఒక చిన్న ట్రస్ట్‌కి ఆమె మేనేజర్. కారు నడపలేని పెద్దవాళ్ళను వ్యానుల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళి మళ్ళీ ఇంటి దగ్గర దింపడం ఆ ట్రస్ట్ పని. వాళ్ళలో ఎక్కువమంది డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు. నేను హనుమకొండ నుంచి చదువుకోవడానికి వచ్చి, బిజినెస్ డిప్లొమా ముగించి, ఒక సూపర్‌మార్కెట్లో రొట్టెలు సర్దుతూ ఆఫీసు పని వెతుక్కుంటున్నాను. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నా సర్టిఫికెట్లను ఆమె కళ్ళద్దాలు పెట్టుకోకుండానే తిరగేసి పక్కన పెట్టింది. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని నా భుజానికి ఉన్న సంచిని చూసింది. అది లైబ్రరీ సంచి. అప్పుడే అక్కడి నుంచి వస్తున్నాను.

“అందులో ఏమి ఉన్నది?” అంది. ఆమె నోటి నుంచి తెలుగు విని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

“పుస్తకం ఆంటీ. మెయిల్ సర్వర్లు ఎట్ల పనిచేస్తయో రాసిన పుస్తకం.”

“నీకు అర్థమవుతుందా?”

“సగం అయితది.”

“మిగతా సగం?”

“గడువు పెంచుకోని మళ్ళ చదువుత. అప్పుడు దాంట్ల సగం అయితది.”

ఆమె పెద్దగా నవ్వింది. పక్క గదిలో ఎవరో తలుపు తీసి చూశారు. “సోమవారం రా, పిల్లా” అంది. ఇతరులకు ఇది పిచ్చిగా అనిపించవచ్చు కానీ, నా డిప్లొమా కంటే ఆ సంచిని చూసి ఉద్యోగం రావడం నాకు ఈ రోజుకీ గర్వం. చిన్నప్పుడు మా వీధి చివర శాఖా గ్రంథాలయంలో ఏ పుస్తకం చేతికి దొరికితే అది చదివిన దాన్ని. కోళ్ళ పెంపకం చదివాను, రేడియో రిపేరు చదివాను. న్యూజిలాండ్‌లో దిగిన వారంలోనే లైబ్రరీ కార్డు తీసుకున్నాను. నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేనప్పుడు కంప్యూటర్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుని, వెనక ఉన్న పదసూచితో సహా చదవడం నా పద్ధతి. ఎవరైనా “ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?” అని అడిగితే కాలేజీ పేరు చెప్పినంత ధీమాగా లైబ్రరీ పేరు చెబుతాను.

ఆ ఆఫీసులో మా ఇద్దరితో పాటు లెక్కలు చూసే కిరణ్ ఉండేవాడు. గుంటూరు వాడు, సౌమ్యుడు. నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆంటీ ఫోన్‌లో ఎవరో తెలుగు పెద్దాయనతో మాట్లాడుతూ గట్టిగా అంది: “మా కాగితం నీకు ముట్టిందా? ముట్టిందా అని అడుగుతున్నాను! ముట్టితే ముట్టిందని చెప్పవలెను కద!”

కిరణ్ మొహం కందగడ్డలా అయింది. ఆమె ఫోన్ పెట్టేదాకా ఆగి, కుర్చీ జరుపుకుని దగ్గరికి వెళ్ళాడు. “ఆంటీ, మీకు దణ్ణం పెడతా, ఆ మాట ఫోన్‌లో అనమాకండి.”

“ఏ మాట?”

“అదే… ఆ… ము…” అని అతను నా వైపు చూశాడు. “శ్రీలతా, నువ్వు చెప్పవా?”

“నేనేం చెప్పాలె? మా ఇంట్ల కూడ గట్లనే అంటం. పైసలు ముట్టినయ్, కార్డు ముట్టింది అంటం” అన్నాను.

చివరికి, వాళ్ళ వైపు ఆ మాట ఆడవాళ్ళ నెలసరి గురించి వాడతారని నేనే ఆంటీకి చెప్పాను. ఆమె కార్డిగన్ అంచుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. “అరే కిరణ్! మా ముత్తాత కాలము నుంచి మా ఇంటికి ఉత్తరాలన్నీ ముట్టుతూనే ఉన్నవి. ఇప్పుడు గుంటూరు వచ్చి సిగ్గుపడమంటే ఎలా?” అతను కూడా నవ్వక తప్పలేదు. నాకు మాత్రం ఆ రోజు లోపల ఏదో కుదురుకున్నట్టయింది. హనుమకొండలో మా అమ్మ రోజూ వాడే మాట ఎన్నో సముద్రాల అవతల ఒక చెరకు ఊళ్ళో చెక్కుచెదరకుండా బతికి ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య నా యాసను కొంచెం దాచుకుని మాట్లాడేదాన్ని. ఆ రోజు నుంచి దాచడం మానేశాను.

ఆమెకు ఆ మాట మీద అంత పట్టుదల ఎందుకో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పింది. ఆఫీసు వెనక నిమ్మచెట్టు ఉండేది. దాని ఆకులే ఆమె టీ. ఆమె చిన్నప్పుడు, పెద్దన్న సువాలో, అంటే వేరే దీవిలో, ఉద్యోగం చేసేవాడట. ఇంట్లో అక్కకు పెళ్ళి కుదిరిందని తండ్రి అతనికి టెలిగ్రాం కొట్టించి ఇంటికి వచ్చి, “టెలిగ్రాం పోయింది” అన్నాడట. ఆజీ లబోదిబోమంది. “అయ్యో, పోయిందా! మళ్ళీ కొట్టించి రా” అని తండ్రిని గడపలోంచే వెనక్కి తరిమింది. ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. వెళ్ళి రెండోది కొట్టించాడు. ఒకే వార్త వెంట వెంటనే రెండుసార్లు వచ్చేసరికి అన్న బెదిరిపోయి, పెళ్ళిలో ఏదో చిక్కు వచ్చిందనుకుని ఓడెక్కి ఇంటికి వచ్చేశాడు.

“అప్పటి నుంచి మా ఇంట్లో ‘పోయింది’ అనే మాట బంద్” అంది ఆంటీ. “చూడు పిల్లా, తెలుగులో పంపినదీ పోయిందే, దొరకనిదీ పోయిందే, చచ్చినవాడూ పోయినవాడే. అలాంటి మాటను నమ్మి ఎలా కూర్చోవడం? ఎక్స్‌ఛేంజిలో కూడా నేను అంతే. అటువైపు మనిషి గొంతు నా చెవిన పడేదాకా తీగ వదిలేదాన్ని కాదు.”

నేను నవ్వాను. కంప్యూటర్ల కాలంలో అది ఒక ముచ్చటైన పాత సంగతి అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత మా మెయిల్ సేవ ఇచ్చే సంస్థ ఆ సేవను ఆపేస్తున్నట్టు చెప్పింది. మా బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క ట్రిప్పు ముందురోజు డ్రైవరుకి, ప్రయాణించే మనిషికి మెయిల్ పంపేది: రేపు ఫలానా సమయానికి, ఫలానా ఇంటికి వ్యాను వస్తుంది. అంతకుముందు ఆ కబురు ఆంటీ ఫోన్ చేసి చెప్పేది. మనుషులు పెరిగాక అది సాధ్యం కాక మెయిళ్ళు మొదలయ్యాయి. శుక్రవారం సాయంత్రం పాత సర్వర్ ఆగిపోతుంది. ఆదివారం కొత్త సర్వర్ నుంచి సోమవారం ట్రిప్పుల మెయిళ్ళు వెళ్ళాలి. శనివారం, ఆదివారం డయాలసిస్ లేనివాళ్ళకు సోమవారం తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో నీరు అప్పటికే చేరి ఉంటుంది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే కిరణ్ ఎవరైనా టెక్నీషియన్‌ను పిలిపిద్దామన్నాడు.

“మన దగ్గర మనిషి ఉండగా బయటివాళ్ళు ఎందుకు?” అంది ఆంటీ. ఆ ‘మనిషి’ నేను. నాకు భయం వేయలేదు. ఆ అధ్యాయం నేను అప్పటికే చదివి ఉన్నాను.

శుక్రవారం భోజనానికి ముందే సెట్టింగుల పేజీ తెరిచాను. కొత్త సర్వర్ పేరు, పోర్టు, రహస్యంగా పంపే పద్ధతి, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఒక్కొక్కటీ అక్షరం అక్షరం సరిచూసి నింపాను. పరీక్ష మెయిల్ గడిలో నా ఆఫీసు అడ్రసు ఉంది. బటన్ నొక్కాను. తెర మీద పచ్చ రంగు గీత వచ్చి ‘మెయిల్ పంపబడింది’ అంది. వెంటనే నా ఇన్‌బాక్స్ టింగుమంది.

“పోయింది ఆంటీ!” అని కేకేశాను.

ఆమె తన బల్ల దగ్గర తల ఎత్తలేదు. “వెళ్ళిందా, పోయిందా?”

“వెళ్ళింది. నాకే వచ్చింది, సూడున్రి.”

“నీవే రాసి, నీకే పంపి, నీవే చదువుకొని సంతోషపడుతున్నావు. బాగున్నది. వైరేముకి పంపు.”

వైరేము మా డ్రైవర్లలో పెద్దవాడు, ఒకప్పుడు లారీలు నడిపిన మావొరి ఆయన, ఈ దేశపు మూలవాసి. ఆఫీసు వంటగది మూలలో నిలబడి మాంసం కూరిన ‘పై’ ఒకటి తింటున్నాడు. అతని సొంత అడ్రసుకి పంపాను. పచ్చ గీత వచ్చింది. ‘పంపబడింది.’ అతను చేయి తుడుచుకుని ఫోన్ తీసి చూసి తల అడ్డంగా ఊపాడు. “ఏమీ లేదు, మేట్.”

“నెట్ స్లోగా ఉందేమో” అన్నాడు కిరణ్.

ఆంటీ తన ఇంటి అడ్రసుకి పంపమంది. పంపాను. పచ్చ గీత. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. టీ చల్లారింది. ఫోన్ కదలలేదు.

“ముట్టలేదు” అంది. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. “ఎక్కడ ఆగిందో చూడు.”

సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసినట్టు రాసుకునే పేజీ ఒకటి వేరేగా ఉంది. తీసి చూస్తే అక్కడ ఉంది అసలు సంగతి. బయటి అడ్రసులకు వెళ్ళాల్సిన మెయిళ్ళను సర్వర్ తీసుకోలేదు. ‘రిలే నిరాకరించబడింది’ అని రెండుసార్లు, వైరేముకి ఒకటి, ఆంటీకి ఒకటి. పచ్చ గీతకు అర్థం సాఫ్ట్‌వేర్ మెయిల్‌ను తన చేతిలోంచి కిందపెట్టిందని మాత్రమే. ఆ ‘రిలే’ అనే మాట నేను పుస్తకంలో చూశాను. చూసిన పేజీ కూడా కళ్ళకు కడుతోంది, ఎడమవైపు, కింద, ఎవరో కాఫీ ఒలకబోసిన మరక పక్కన. కానీ అందులో ఏం రాసి ఉందో గుర్తు రాలేదు. పుస్తకం అంతకు ముందువారమే తిరిగి ఇచ్చేశాను.

“ఆంటీ, లైబ్రరీకి పోయొస్త.”

“ఇప్పుడా?” అన్నాడు కిరణ్. “గూగుల్లో కొట్టొచ్చు కదా!”

“కొడితే వంద జవాబులు వస్తయ్. నాకు ఒక్కటి కావాలె. అది ఎక్కడున్నదో నాకు తెలుసు.”

ఆంటీ తలుపు వైపు చేయి చూపింది. “వెళ్ళనీ. ఆమె డాక్టరు అక్కడే ఉన్నాడు.”

పుస్తకం అల్మారాలో నేను పెట్టిన చోటే ఉంది. దాన్ని నాకంటే ఎక్కువగా ప్రేమించేవాళ్ళు ఆ పేటలో లేరని నాకు తెలుసు. కాఫీ మరక పేజీ తీశాను. సర్వర్ తన సొంత అడ్రసులకు వచ్చే మెయిల్‌ను ఎవరు తెచ్చినా తీసుకుంటుందనీ, బయటి అడ్రసులకు మోయాలంటే మాత్రం తెచ్చినవాళ్ళు తామెవరో చూపించాలనీ అక్కడ రాసి ఉంది. అర్థమైనట్టే ఉంది కానీ పూర్తిగా కాలేదు. నేను యూజర్ పేరు ఇచ్చాను కదా, పాస్‌వర్డ్ ఇచ్చాను కదా! పుస్తకం మళ్ళీ ఇంటికి తీసుకెళ్దామని మెషీన్ దగ్గరికి వెళ్ళి దాని మీద పెట్టాను. ‘మీ కార్డు చూపించండి’ అంది తెర. కార్డు నా పర్సులో ఉంది. పర్సులో ఉంటే మెషీన్‌కి ఏం తెలుస్తుంది? తీసి చూపించాలి.

అక్కడే నిలబడి నవ్వాను. లైబ్రరీలో కూర్చుని చదువుకోవడానికి ఎవరినీ ఎవరూ ఏమీ అడగరు. పుస్తకం గుమ్మం దాటాలంటేనే కార్డు. నా ఆఫీసు అడ్రసుకి పంపిన మెయిల్ లోపల కూర్చుని చదువుకునే పుస్తకం లాంటిది. వైరేము మెయిల్ గుమ్మం దాటేది. నేను కార్డు పర్సులో పెట్టుకుని ఉన్నాను.

తిరిగి వచ్చి పేజీ తెరిచి చూస్తే, యూజర్ పేరు గడికి పైన చిన్న చతురస్రం ఖాళీగా ఉంది: ‘ఈ సర్వర్‌కు గుర్తింపు అవసరం.’ దానికి టిక్కు పెట్టకపోతే కింద రాసిన పేరూ పాస్‌వర్డూ సాఫ్ట్‌వేర్ ఎవరికీ చూపించదు. టిక్కు పెట్టాను. సేవ్ చేశాను. పంపాను. పచ్చ గీత వైపు ఈసారి నేను చూడలేదు. ఆంటీ ఫోన్ వైపు చూశాను. అది బల్ల మీద వణికి కాస్త పక్కకు జరిగింది.

“ముట్టింది!” అంది ఆంటీ. గొంతు లంబాసా దాకా వినిపించి ఉంటుంది. వంటగదిలోంచి వైరేము ఫోన్ పైకెత్తి చూపిస్తూ, “నాకూ!” అన్నాడు.

నేను ఇంటికి వెళ్ళడానికి సంచి సర్దుకుంటున్నాను. ఆంటీ ఇంకా ఆ మెయిలే చూస్తోంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. “ఇది ఎవరు పంపినట్టు ఉన్నది ఇక్కడ? నో… రిప్లై. ఎవరు వీడు?”

“ఎవరూ కాదు ఆంటీ. ఆటోమేటిక్ మెయిల్ కద, జవాబు ఇయ్యకున్రి అని చెప్పుడు. అందరూ గట్లనే పెడతరు. పుస్తకంల కూడ గట్లనే ఉన్నది.”

“జవాబు ఇస్తే?”

“చూసేటోళ్ళు ఎవరూ ఉండరు.”

ఆమె కళ్ళద్దాలు తీసి గొలుసుకి వదిలేసింది. “పిల్లా, మా వాళ్ళ సంగతి నీకు తెలియదు. ఫిజీ ముసలివాళ్ళు గోడ మాట్లాడినా మారు పలుకుతారు. రేపు వ్యాను వస్తుందని నీవు చెప్పితే, వస్తే రా, తిండి తిన్నావా అని రాస్తారు. వాళ్ళు రాసింది ఎక్కడికి వెళ్ళుతుంది?”

“ఎక్కడికీ పోదు.”

“చూశావా! ఇప్పుడు ‘పోయింది’ అంటే సరిగ్గా సరిపోతుంది.”

నేను గట్టిగానే వాదించాను. జవాబులన్నీ వచ్చి పడితే బుకింగ్ ఇన్‌బాక్స్ నిండిపోతుందన్నాను. ప్రతి ‘సరే’ని, ప్రతి ‘థాంక్యూ’ని ఎవరు చదువుతారని అడిగాను. నేను చదివిన మూడు పుస్తకాల పేర్లు చెప్పాను. ఆమె అన్నీ విన్నది. ఆమెతో వాదించడం నాకు ఇష్టం. మధ్యలో నోరు మూయించే మనిషి కాదు.

“నీ పుస్తకాలు రాసినవాళ్ళు మంచివాళ్ళే” అంది చివరికి. “కాని వాళ్ళు మా నారాయణ్‌మామ లాంటి ముసలివాళ్ళను ఎరుగరు. నోరు తెరవకముందే ‘నాకు మారు పలకవద్దు’ అనే మనిషికి నీవు తలుపు తీస్తావా? నేను తీయను. పెట్టు, బుకింగ్ అడ్రసు పెట్టు. నేను చదువుతాను అన్నీ.”

“పేరు గడిల ఏం పెట్టాలె?”

“నా పేరు పెట్టు. కోపం వస్తే నన్నే తిట్టనీ.”

అలా ఆ శుక్రవారం మా ట్రస్ట్ మెయిళ్ళు రుక్మిణి పేరుతో వెళ్ళడం మొదలయ్యాయి. నేను ఒప్పుకుని మార్చలేదు. ఆమె చెప్పింది కాబట్టి మార్చాను. ఆదివారం మెయిళ్ళు వాటంతట అవే వెళ్ళాయి.

సోమవారం ఉదయం ఆఫీసు తలుపు తీసి బుకింగ్ ఇన్‌బాక్స్ చూస్తే ఆమె చెప్పినట్టే ఉంది. ‘వినాకా బేటీ.’ ‘అచ్ఛా, రెడీగా ఉంటా.’ ‘డ్రైవరుకి చెప్పు, కుక్కను కట్టేశాను.’ ఒకావిడ తన మోకాలి నొప్పి గురించి పేరాలు పేరాలు రాసింది. నేను ఆంటీకి చూపించి, “సూసిన్రా, ఇదీ సంగతి!” అని దెప్పిపొడుస్తూ ఒక్కొక్కటి తెరుస్తున్నాను. వాటి మధ్యలో నారాయణ్‌మామది ఉంది. నారాయణ్‌మామ ఆంటీకి దూరపు చుట్టం, డయాలసిస్ మనిషి, టకానినిలో ఒంటరిగా ఉంటాడు. చెవులు సరిగ్గా వినిపించవు కాబట్టి ఫోన్ ఎత్తడు. ఇంగ్లిష్ అక్షరాల్లో హిందీ, తెలుగు కలిపి రాశాడు: కాళ్ళు వాచినవి, అందుకని కూతురు నిన్న రాత్రి వచ్చి బోటనీ డౌన్స్‌కి తీసుకెళ్ళింది, తను పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతుంది, వ్యాను టకానినికి వద్దు, ఇక్కడికి పంపు. కింద ఆ ఇంటి అడ్రసు రాసి, దాని కింద ‘వినాకా’ అని పెట్టాడు.

నేను దెప్పడం ఆపేశాను. ఆంటీ నా భుజం మీదుగా చదివి, వెంటనే వైరేముకి ఫోన్ చేసింది. అతను అప్పటికే బయలుదేరి టకానిని వైపు వెళ్తున్నాడు. “బోటనీకి తిప్పు” అంది ఇంగ్లిష్‌లో. “ఇంటి నంబరు చెబుతా, రాసుకో. రాసుకున్నావా? తిరిగి చెప్పు. లేదు, మొత్తం చెప్పు.” అతను మొత్తం తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

ఆ తర్వాత మేమిద్దరం పనేమీ చేయలేదు. వైరేము దగ్గరినుంచి కబురు వచ్చేదాకా ఆమె టీ కలుపుతూనే ఉంది, నేను అదే మెయిల్‌ను మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నాను. ఈ జవాబు ఎవరూ చూడని అడ్రసుకి వెళ్ళి ఉంటే? వైరేము టకానినిలో తలుపు కొట్టి, పలికేవాళ్ళు లేక, వెనక్కి వచ్చేవాడు. నారాయణ్‌మామ బోటనీలో కూతురి ఇంటి కిటికీ దగ్గర వాచిన కాళ్ళతో, జవాబు రాశాను కదా, వస్తారులే అని కూర్చుని ఉండేవాడు. అప్పుడు వైరేము ఫోన్ చేశాడు. పెద్దాయన వ్యాను ఎక్కాడనీ, ఎక్కగానే డయాలసిస్ వార్డులో నర్సులకని కూతురు చేసిన స్వీట్ల డబ్బా తనకే ఇచ్చేశాడనీ చెప్పాడు. మధ్యాహ్నానికి ఆసుపత్రి వాళ్ళు చెప్పారు, ఆ రోజు రాకపోయి ఉంటే రాత్రికి అంబులెన్సులో రావాల్సి వచ్చేదని.

“మీరు చెప్పిందే కరెక్ట్ ఆంటీ” అన్నాను.

“నీవు టిక్కు పెట్టకపోతే ఆయనకు మెయిలే ముట్టేది కాదు కద” అంది ఆమె. “నీవు అటువైపు తీగ కలిపావు, నేను ఇటువైపు. ఒక తీగకు రెండు కొసలు ఉంటవి, పిల్లా.” తర్వాత, నేను ఎక్కడ పొంగిపోతానో అన్నట్టు, “ఆ మోకాలి ఆవిడకు జవాబు రాయి. పేరాలు పేరాలు రాయి” అంది.

రాశాను. ఆ తర్వాత ఆమెతో పనిచేసిన సంవత్సరాలన్నీ రాస్తూనే ఉన్నాను. ఇన్‌బాక్స్ నిజంగానే నిండింది. నేను భయపడినంత కష్టం కాలేదు. వాళ్ళ జవాబుల్లోనే ఎవరు ఇల్లు మారారో, ఎవరికి చూపు తగ్గిందో, ఎవరు మాటలు తగ్గించేశారో తెలిసేది. ఎప్పుడూ రాసే మనిషి రాయకపోతే ఆంటీ ఫోన్ చేసేది. జవాబు రాని ఇంటికి వెళ్ళి చూసి రమ్మని వైరేమును పంపేది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ అధ్యాయం లేదు. ఎప్పుడైనా ఒక పుస్తకం రాస్తే దీన్ని నేనే రాస్తాను.

డునెడిన్‌లో ఆసుపత్రిలో పనిచేసే పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని ఆంటీ నిర్ణయించుకున్నప్పుడు, చివరి రోజు అందరూ కేకు కోశారు, పాటలు పాడారు. వైరేము లేచి మావొరి భాషలో నాలుగు మాటలు మాట్లాడాడు. అందరూ వెళ్ళాక ఆమె నా కుర్చీలో కూర్చుంది. “ఆ పేజీ తెరువు” అంది. ఏ పేజీ అని అడగలేదు. బయటికి వెళ్ళే మెయిళ్ళ సెట్టింగులు తెరిచాను. పంపేవారి పేరు గడిలో ‘రుక్మిణి’ అని ఉంది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరు చెరిపి నా పేరు టైపు చేసింది. నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయబోతే చేయి పట్టుకుని ఆపి, తనే సరిచేసింది. “ఇక నీవు మారు పలకవలెను” అంది. తర్వాత బల్ల కింద నుంచి ఐస్‌క్రీం డబ్బాలో పెట్టిన నిమ్మమొక్క తీసి నా చేతిలో పెట్టి, మరీ ఎక్కువ నీళ్ళు పోయొద్దని హెచ్చరించింది.

ఆ మొక్క ఇప్పుడు మా పెరట్లో నా కంటే ఎత్తు ఉంది. ఈ రోజు ఉదయం టీలో పడిన ఆకు దానిదే.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో పరీక్ష మెయిల్ గడి ఖాళీ చేసి అందులో డునెడిన్ అడ్రసు రాశాను. మారిన ప్రతి ఆఫీసులో, మార్చిన ప్రతి సర్వర్ నుంచి, మొదటి మెయిల్ అక్కడికే వెళ్తుంది. నా కింద పనిచేసేవాళ్ళకు అది ఎవరి అడ్రసో తెలియదు. పంపేవారి పేరు గడిలో నా పేరు, అడుగున మనిషి చదివే అడ్రసు పెట్టాను. గుర్తింపు టిక్కు మరోసారి చూశాను. పంపాను. పచ్చ గీత వచ్చింది. నేను కప్పు తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమెకు ఇప్పుడు ఫోన్ చూడటానికి సమయం పడుతుంది. కళ్ళద్దాలు వెతుక్కోవాలి, కూతురిని పిలవాలి. నాకు తొందర లేదు.

కప్పు సగం ఖాళీ అయ్యేసరికి లాప్‌టాప్ టింగుమంది. ఎప్పుడూ ఒక్క మాటే వచ్చేది. ఈసారి రెండు వాక్యాలు ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్క వేలితో కొట్టిన తెలుగులో.

‘ముట్టింది పిల్లా. ఇది నీకు ముట్టిందా?’

కప్పు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, జవాబు రాయడం మొదలుపెట్టాను.